పది గంటల కాఫీ

గుడ్డును పెంకుతో సహా గిన్నెలో వేసి, చెక్క గరిటె వెనకవైపుతో చితక్కొట్టింది అర్లిస్ సుండ్‌వోల్డ్. పెంకు కరకరలాడింది. అందులో కాఫీ పొడి పోసి, కాసిని చన్నీళ్లు చల్లి, తొలకరికి తడిసిన నల్లమట్టిలా అయ్యేదాకా కలిపింది. పొయ్యి మీద, నీలం రంగు మీద తెల్లచుక్కలున్న పాత కెటిల్లో నీళ్లు తెర్లుతున్నాయి. ముద్దనంతా అందులోకి జారవిడిచి మంట తగ్గించింది.

కాసేపు కాగాక ఒక గ్లాసు చన్నీళ్లు పోస్తే, పైకి తేలిన ముద్ద మొత్తం అలిగిన పిల్లలా అడుక్కి పోయి కూర్చుంటుంది. పైన తేనెరంగు కాఫీ మిగులుతుంది. చేదుండదు, మడ్డి ఉండదు. మిన్నెసోటాలో మా చర్చిల నేలమాళిగల్లో ముసలమ్మలు తరాలుగా కాస్తున్న కాఫీ ఇది. దాని వాసన మామూలుది కాదు. ఒక శీతాకాలం ఆ వాసన కిటికీ సందులోంచి బయటికి పోతే, అడవిలో ఆదమరిచి పడుకున్న ఎలుగుబంటి ఒకటి లేచొచ్చి మా బిల్డింగు గుమ్మం దగ్గర కాళ్లు తుడుచుకుని నిలబడింది. నమ్మకపోతే సెక్యూరిటీ ఆయన్ని అడగండి. ఆయన దాన్ని గుర్తింపు కార్డు కూడా అడిగాడు.

ఆ రోజు చలికి ఊరి గడియారం రెండు ముళ్లనూ చంకల్లో దోపుకుని ఊరుకుంది. అర్లిస్ మాత్రం ఎప్పటిలాగే తొలి బస్సుకి వచ్చింది. మంచు బూట్లు విప్పి కిటికీ పక్క కుర్చీ కింద పెట్టింది. మెత్తటి చెప్పులు తొడుక్కుంది. పొట్టి మనిషి. డెబ్బైకి దగ్గర పడినా బుగ్గలు మాత్రం ఎర్రగా, చలికి కందిన చిన్నపిల్లవిలా ఉంటాయి. మోచేతుల దగ్గర అతుకులేసిన ఆకుపచ్చ స్వెట్టరు, మెడలో గొలుసుకి వేలాడే కళ్లద్దాలు. మెట్లెక్కి వచ్చిన ఆయాసం ఇంకా తీరలేదు. ఒక చేత్తో గట్టు పట్టుకుని, రెండో చేత్తో గరిటె తిప్పుతోంది.

"అర్లిస్ గారూ, ఇదేంటండీ, ఇవాళ కూడానా?" అంటూ వచ్చాడు ట్రెవర్. యూనివర్సిటీలో గ్రాంట్ల వ్యవహారాలు చూసే ఆఫీసు నుంచి వచ్చిన కుర్రాడు. చేతిలో నీలం టైలు వేలాడుతున్నాయి, చేపల మార్కెట్టు నుంచి వస్తున్నవాడిలా.

"కాఫీ బాబూ."

"కాఫీ అని తెలుసండీ. ఇవాళ వాషింగ్టన్ నుంచి పరిశీలకులు వస్తున్నారు. కాఫీకి బయట చెప్పేశాం. ప్రతి అంతస్తులోనూ ఒక పెద్ద డ్రమ్ము పెడుతున్నారు. ఎక్కడివాళ్లకి అక్కడే. ఈ పాత కెటిలు కనిపిస్తే ఏం బాగుంటుంది చెప్పండి?"

"అలాగా," అంది అర్లిస్. "అదో రకంలే."

మా ఊళ్లో అంతకంటే పెద్ద తిట్టు లేదు. చర్చిలో పాస్టరు భార్య జెల్లీలో క్యారెట్టు కోరు వేసి తెచ్చినప్పుడు ఒకసారి, పడమటి గాలికి సరస్సు రోడ్డెక్కినప్పుడు ఒకసారి, మొత్తం మీద అర్లిస్ నోట ఆ మాట వచ్చిన సందర్భాలు తక్కువే. ట్రెవర్ది పెద్ద పట్నం. వాడికి అది మెచ్చుకోలులా వినపడింది.

"థాంక్సండీ," అన్నాడు సంతోషంగా. "కెటిల్ని అల్మారాలో పెట్టేయండి, సరేనా?"

ఆ పూట కాచినదాన్ని సెక్యూరిటీ ఆయనకీ, గొర్రెల కొట్టంవాళ్లకీ పోసేసి, కెటిలు కడిగి అల్మారాలో పెట్టింది.

అసలు సంగతి ఏమిటంటే, మా బిల్డింగులో అందరి జీతాలూ, కింద కొట్టంలో ప్రయోగాలకి పెంచే గొర్రెల గడ్డీ, పైన మిషన్ల కరెంటూ అన్నీ ఒకే ఒక్క ప్రభుత్వ గ్రాంటు మీద నడుస్తున్నాయి. పసిపిల్లల గుండెకి వేసే వాల్వు ఒకటి తయారు చెయ్యాలి. అది పిల్లతోపాటు పెరగాలి, పిల్ల ఎదిగినప్పుడల్లా మళ్లీ మళ్లీ గుండె కొయ్యక్కర్లేకుండా. దానికి గుండె కోసే డాక్టరు కావాలి, వాల్వు అల్లే ఇంజినీరు కావాలి, ఆ అల్లిక మీద ప్రాణమున్న కణాల్ని పెంచే మనిషి కావాలి. అందరూ ఒక జట్టుగా పనిచేస్తేనే డబ్బిస్తామని ప్రభుత్వం షరతు. క్రితంసారి వచ్చినవాళ్లు వెళ్తూ వెళ్తూ, "మీరు ఒక కప్పు కింద ఉన్న మూడు కాపురాలు" అని రాసిపోయారు. ఈసారి కూడా అలాగే అనిపిస్తే గ్రాంటు ఆగిపోతుంది. కాపురాలు మూడూ మూడు ఊళ్లకి పోతాయి.

అర్లిస్‌కి పోవడానికి ఇంకో ఊరు లేదు. సరస్సు పైన పాడి పశువుల మధ్య పుట్టింది. అన్నదమ్ములు పొలం అమ్ముకున్నాక పట్నం వచ్చి యూనివర్సిటీ ఆఫీసులో గుమాస్తాగా చేరింది. పెళ్లి చేసుకోలేదు. చేసుకుందామన్న పడవ కళాసీ ఒకడు ఉండేవాడనీ, అతను ఇత్తడి సామాన్ల దుకాణం పెట్టి ఇంకెవర్నో చేసుకున్నాడనీ చెప్తారు. ఆవిడ మాత్రం "మంచివాడే, పొట్టిగా ఉండేవాడు" అని ఊరుకుంటుంది. గురువారాలు బంతి దొర్లించి పిన్నులు పడగొట్టే బౌలింగు ఆడేది. ఆదివారాలు చర్చి పాటల్లో కింది గొంతు పాడేది. ఇంట్లో కిటికీ దగ్గర ఒక జెరేనియం మొక్క. మిగిలిన జీవితమంతా ఈ రెండో అంతస్తు వంటగదే.

ఈ కాఫీ మొదలవడానికి పెద్ద కారణమేమీ లేదు, మోకాళ్లు తప్ప. బిల్డింగు కొత్తలో ఏ కాగితం కదలాలన్నా ముగ్గురి సంతకాలు కావాలి. ఇంజినీర్లు పైన, డాక్టర్లు కింద, కణాలవాళ్లు మధ్యలో. మెట్లెక్కలేక దిగలేక ఒకరోజు అర్లిస్ మధ్య అంతస్తులో కెటిలు పెట్టి, కాఫీ కావాలన్నా సంతకం పెట్టాలన్నా పది గంటలకి ఇక్కడికే రమ్మని కబురు పెట్టింది. వచ్చారు. వచ్చినవాళ్లకి కూర్చోవడానికి ఉన్నది ఒకటే బల్ల. ఆ తరువాత పై అంతస్తు కాఫీ మిషనూ, కింది అంతస్తు కాఫీ మిషనూ ఒకే వారంలో చచ్చిపోయాయి. ఎలా చచ్చిపోయాయో ఎవరికీ తెలియదు. వాటి వైర్లు అర్లిస్ అల్లిక బుట్టలో కనిపించాయని పుకారు పుట్టించినవాళ్లు ఉన్నారు.

కానీ ఈ మధ్య ఆ బల్లకి ఏదో దిష్టి తగిలింది. గుండె డాక్టరు మెరిట్ ఓక్స్, ఇంజినీరు స్టానిస్లావ్ కుబాట్ మాట్లాడుకోవడం మానేశారు. వాల్వు అంచు గట్టిగా ఉంది, కుట్టు నిలవడం లేదని ఓక్స్ అన్నాడు. కుట్టడం రాకపోతే గుడ్డని తిట్టకు అని కుబాట్ అన్నాడు. అంతే. ఒకాయన తొమ్మిదిన్నరకి వచ్చి తాగిపోతాడు. ఇంకొకాయన పదిన్నరకి. మధ్యలో పది గంటలకి కెటిలు, అర్లిస్, ఖాళీ బల్ల.

"వాళ్లిద్దర్నీ కూర్చోబెట్టి చెప్పొచ్చుగా అత్తా," అంది పా హూవా వాంగ్, ఆ ఉదయం వంటగదిలోకి వచ్చి. కణాలు పెంచే మనిషి ఆవిడే. వాళ్ల హ్మాంగ్ తెగవాళ్ల ఇళ్లలో పెద్దవాళ్లను పేరు పెట్టి పిలవరు. విద్యార్థిగా వచ్చిన రోజు నుంచి అర్లిస్‌ని అత్తా అనే పిలుస్తోంది. మెడకి ట్రెవర్ ఇచ్చిన నీలం స్కార్ఫు, ఉరితాడులా చుట్టుకుని ఉంది.

"నేనేం చెప్తానమ్మా. ఒకడికి గుండె తెలుసు, ఒకడికి దారం తెలుసు. నాకు కాఫీ తెలుసు."

"మీ కాళ్లు చూపించండి."

"ఎందుకూ, అందంగా ఉంటాయనా?"

పా హూవా వంగి చూసింది. మడమల దగ్గర వాపు, మేజోళ్ల పైన పొంగి వుంది. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది.

"ఓక్స్‌కి చెప్పారా?"

"చెప్పకుండానే చూశాడు. పరీక్షకి రమ్మన్నాడు. ఈ హడావిడి అయ్యాక వస్తానన్నాను. ఎక్కడికి పోతాను, ఆయన కింద అంతస్తులోనే ఉంటాడుగా." లేచి, టిఫిను డబ్బాలోంచి బంగాళాదుంప రొట్టెలు తీసింది. పల్చగా, రుమాల్లా మడతపెట్టుకునే రొట్టెలు. వెన్నా చక్కెరా రాసి పెట్టింది. "ఒకటి తిని పో. ఖాళీ కడుపుతో అబద్ధాలాడితే గొంతు వణుకుతుంది."

"అబద్ధాలేంటి అత్తా?"

"మేమంతా ఒకటే అని చెప్పాలిగా."

పరిశీలకులు వచ్చారు. వాళ్ల నాయకురాలు డాక్టర్ హెన్రియెట్టా బూన్. నల్లటి మనిషి, తెల్లటి జుట్టు, చేతికర్ర. మొహం చూస్తే నవ్వుకి కూడా ఏడుపొచ్చేటంత గంభీరమైన మనిషి. పెద్ద హాల్లో తెర మీద బొమ్మలు మొదలయ్యాయి. ట్రెవర్ వారం రోజులు మావాళ్లకి తర్ఫీదు ఇచ్చాడు. నేను అనకూడదు, మేము అనాలి. ఒకరి మాట ఇంకొకరు కాదనకూడదు. అందరికీ ఒకే నీలం. తెర మీద ఒక బొమ్మలో మూడు గుండ్రాలు, వాటి మధ్య అటూ ఇటూ బాణాలు. అన్ని బాణాలు మా ఊరి వేటగాళ్ల దగ్గర కూడా ఉండవు.

"మేము కలిసి ఆలోచిస్తాం," అన్నాడు ఓక్స్, గోడని చూస్తూ.

"మేము కలిసి నిర్ణయిస్తాం," అన్నాడు కుబాట్, ఎదురుగోడని చూస్తూ.

"ఎక్కడ కలుస్తారు?" అంది బూన్.

ఇద్దరూ నోళ్లు తెరిచారు. ట్రెవర్ లేచి బాణాల బొమ్మ మళ్లీ చూపించాడు. బూన్ కాగితం మీద ఏదో రాసుకుంది. పక్కనున్న పరిశీలకుడు ఆవులింత ఆపుకోబోయి రెండు కళ్లలోంచీ నీళ్లు తెచ్చుకున్నాడు.

పది అయింది. విరామం ఇచ్చారు.

కాఫీ కాయొద్దన్న సంగతి వంటగదిలో అర్లిస్ చేతులకి ఎవరూ చెప్పలేదు. పది అయ్యేసరికి అవి వాటంతట అవే అల్మారా తీసి, కెటిలు దించి, గుడ్డు కొట్టి, పొడి కలిపేశాయి. ఆవిడ తేరుకునేసరికి కాఫీ కాగుతోంది. "పోనీలే," అనుకుని చన్నీళ్లు పోసింది.

వాసన బయలుదేరింది. హాల్లో కాగితం కప్పుల్లో డ్రమ్ము కాఫీ పట్టుకున్నవాళ్లు కప్పులోకి ఓసారి, తలుపు వైపు ఓసారి చూశారు. బూన్ కర్ర తాటిస్తూ వాసన వెంట నడిచొచ్చి వంటగది గుమ్మంలో ఆగింది.

"కూర్చోండి," అంది అర్లిస్. "ఆ పచ్చ కప్పు పట్టుకోకండి, దానికి చెవి వదులు."

బూన్ కూర్చుంది. ఒక గుక్క తాగింది. కర్రని బల్లకి ఆనించి, రెండో గుక్క తాగింది. అప్పుడే హాలు వైపు తలుపులోంచి ఓక్స్, మెట్ల వైపు తలుపులోంచి కుబాట్, ఇద్దరూ ఒకేసారి లోపలికి వచ్చారు. డ్రమ్ము కాఫీ నుంచి పారిపోయి వచ్చినవాళ్లే ఇద్దరూ. ఒకరినొకరు చూసుకుని వెనక్కి తిరగబోయారు. కానీ ప్రభుత్వం తాలూకు మనిషి బల్ల దగ్గర కూర్చుని ఉంటే ఎలా తిరుగుతారు? కూర్చున్నారు. అర్లిస్ పోసింది. రొట్టెల పళ్లెం మధ్యలోకి జరిపింది.

"కుట్టేటప్పుడు ఏమవుతుంది?" అంది బూన్, ఊరికే అడిగినట్టు.

"మాకు మంచి ఫలితాలు..." అన్నాడు ఓక్స్.

"మాకు చాలా మంచి..." అన్నాడు కుబాట్.

"అది హాల్లో విన్నాను."

ఓక్స్ కప్పు కింద పెట్టాడు. టై వదులు చేసుకున్నాడు. "చిరుగుతోంది," అన్నాడు.

"చిరగడం లేదు. నువ్వు లాగుతున్నావు," అన్నాడు కుబాట్.

"లాగకుండా గుండె కుట్టడం ఎలాగో మీ అమ్మగారి దగ్గర నేర్చుకోవాలా?"

"నేర్చుకో. అక్కడ నేర్చుకుని నేను కుట్టుకున్న చొక్కా బొత్తాలు ముప్పై ఏళ్లుగా ఊడలేదు."

గుమ్మంలోకి వచ్చిన ట్రెవర్ ఇది విని, తలుపు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. వాడి మొహం నిమ్మతొనలా అయిపోయింది. వాడి వెనక పరిశీలకులు ఒక్కొక్కరూ వచ్చి మెడలు చాపారు.

ఓక్స్ పళ్లెంలోంచి ఒక రొట్టె తీసి, తన కప్పు అంచు మీద పరిచి, జేబులోంచి పంటిపుల్ల తీసి గుచ్చాడు. "ఇదిగో నీ వాల్వు. ఇదిగో నా సూది. ఇలా తిప్పి తీసేసరికి..." రొట్టె అంచున చిరిగింది. "చూశావా?"

"రొట్టె మీద కోపం చూపించకు," అని కుబాట్ ఇంకో రొట్టె తీసి, అంచు రెండు మడతలు పెట్టి పరిచాడు. "ఇలా మడిచి కుట్టమంటున్నాను."

"మడిస్తే బిరుసు. బిరుసైతే పిల్లతో పెరగదు. ఇక నువ్వూ నేనూ ఎందుకు?"

"ఇద్దరూ జరగండి," అంది పా హూవా. ఎప్పుడు వచ్చిందో, మెడలో స్కార్ఫు లేదు. కుబాట్ మడిచిన అంచుని పట్టుకుని కాఫీలో ముంచి తీసింది. మడత మెత్తబడి, రెండు పొరలూ ఒకటిగా అతుక్కుపోయాయి. "నా కణాలు మీ ఇద్దరి వల్లే చస్తున్నాయి, అంచు దగ్గర. బిగువుగా అల్లితే లోపలికి పోలేవు. అక్కడ మాత్రం వదులుగా అల్లి, కుట్టకముందే నాకివ్వండి. వారం రోజులు నా ద్రవంలో నానబెట్టి, కణాలు లోపలికి పాకాక అప్పుడు మెరిట్ కుట్టాలి."

ఇద్దరూ తడిసిన రొట్టెని చూశారు. ఓక్స్ పంటిపుల్ల గుచ్చి తిప్పాడు. అంచు చిరగలేదు.

"కుట్టకముందే," అన్నాడు మెల్లగా.

"మగ్గం మీద దారం మార్చాలి," అన్నాడు కుబాట్. "కష్టమేం కాదు. నువ్వు పక్కన నిలబడి ఎంత వదులో చెప్పాలి. నీ చేతికే తెలుస్తుంది అది."

ఒక పరిశీలకుడు "ఆ ద్రవం సంగతి..." అంటూ కుర్చీ లాక్కున్నాడు. ఇంకొకాయన నిలబడే బల్ల మీదికి వంగాడు. మాటల మీద మాటలు పడ్డాయి. ఎవరూ మేము అనలేదు. నీ దారం, నీ సూది, నీ కణాలు అని ఒకరి మీద ఒకరు విరుచుకుపడ్డారు. గంట తిరక్కుండానే పళ్లెం ఖాళీ అయింది. ఒక్క రొట్టె కూడా ఎవరి కడుపులోకీ పోలేదు.

"పొద్దున లేచి కాల్చాను," అంది అర్లిస్, తడి ముక్కలన్నీ పోగు చేస్తూ. "వీటిని ఎవరు తింటారు ఇప్పుడు?"

బూన్ ఒక చిరిగిన ముక్క తీసుకుని నోట్లో వేసుకుంది.

సాయంత్రం పరిశీలకులు బయలుదేరారు. తేల్చేది వాళ్ల చేతుల్లోనే ఉన్నా ఆ రోజు పెదవి విప్పకూడదు. ఫలితం వేసవికి గానీ రాలేదు. గ్రాంటు ఇచ్చారు. ఆ బెంగ మీకెందుకని ఇప్పుడే చెప్పేస్తున్నాను. ట్రెవర్‌కి మాత్రం ఆ సాయంత్రం అది తెలియదు. మెట్ల మీద కూర్చుని, మోకాళ్ల మధ్య తలపెట్టి, "జట్టు కాదు, వీధి కొట్లాట చూపించాం," అని గొణుక్కుంటుంటే అర్లిస్ వాడి భుజం తట్టి ఒక కప్పు అందించింది. వాడు తాగాడు. మొదటిసారి తాగడం. తల పైకెత్తి ఆవిడ వంక చూశాడు.

"అదో రకంగా ఉంది కదండీ," అన్నాడు.

"బాగుందనాలి బాబూ," అంది అర్లిస్. "బాగుంటే బాగుందనే అనాలి."

వెళ్లబోతూ బూన్ వంటగదిలోకి తొంగిచూసింది. "ఈ కాఫీ ఎప్పుడూ ఇలాగే ఉంటుందా?"

"గుడ్డు ఉంటే ఉంటుందండీ."

"మళ్లీ వస్తే తాగాలి," అని కర్ర తాటించుకుంటూ వెళ్లిపోయింది.

అర్లిస్ కప్పులు కడిగింది. చెవి వదులైన పచ్చ కప్పుని అన్నిటి వెనక్కి నెట్టింది. కెటిల్ని బోర్లించింది. ప్రతి సాయంత్రం చేసినట్టే ఫ్రిజ్ తీసి, మర్నాటికి ఒక గుడ్డు తీసి, గట్టు మీద అంచు పెచ్చూడిన పింగాణీ కప్పులో పెట్టింది. చల్లటి గుడ్డు వేస్తే పొడి సరిగ్గా అంటదని ఆవిడ నమ్మకం. పైన మగ్గం గది నుంచి ఓక్స్ గొంతూ, కుబాట్ గొంతూ కలిసి వినిపిస్తున్నాయి. ఏదో విషయం మీద గట్టిగా పోట్లాడుకుంటున్నారు. మధ్యలో ఎవరో నవ్వారు. ఆవిడ కాసేపు అలాగే నిలబడి విన్నది.

కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఒక బూటు వేసుకుంది. ఊపిరి అందక రెండోది ఒళ్లో పెట్టుకుంది. బయట సరస్సు మీద మంచు నీలంగా మారుతోంది. ఒక నిమిషం ఆగి వేసుకుందాం, బస్సుకి ఇంకా టైముంది కదా అనుకుని, తల వెనక్కి ఆనించింది.

వాళ్లిద్దరూ దిగి వచ్చేసరికి అలాగే ఉంది.

"అర్లిస్, రేపు ఇద్దరం పది గంటలకే వస్తాం, రొట్టెలు ఎక్కువ తీసుకురా," అన్నాడు కుబాట్ గుమ్మంలోంచి.

ఓక్స్ ముందు మణికట్టు పట్టుకున్నాడు. తరువాత మెడ దగ్గర వేళ్లు పెట్టాడు. ఆవిడని నేల మీద పడుకోబెట్టి, మోకాళ్ల మీద కూర్చుని, తనకి తెలిసిందంతా చేశాడు. కుబాట్ ఫోనులో అంబులెన్సుకి చెప్పి, వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ఓక్స్ చేతులు అలిసిపోతే అతను అందుకున్నాడు. ఇద్దరూ మార్చి మార్చి ఆవిడ గుండె మీద నొక్కారు. చివరికి ఓక్స్ అతని చేతుల మీద తన చెయ్యి వేశాడు.

"చాలు స్టాన్."

"ఇంకొక్కసారి."

"చాలు."

కుబాట్ ఆ రెండో బూటు తీసుకుని, ఆవిడ కాలికి తొడిగి, తాడు కట్టాడు. బొత్తాలు ఊడకుండా కుట్టే మనిషి. ముడి గట్టిగానే పడింది.

మర్నాడు పది గంటలకి ఎవరూ ఎవరినీ పిలవలేదు. అందరూ వచ్చారు. సెక్యూరిటీ ఆయన టోపీ తీసి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. గొర్రెల కొట్టంవాళ్లు వచ్చారు. టై లేకుండా ట్రెవర్ వచ్చాడు. కుబాట్ కెటిల్లో నీళ్లు పెట్టాడు. పా హూవా డబ్బా తీసి పొడి కొలిచింది. అత్త ఎంత వేసేదో ఎవరికీ తెలియదు, నిండు చెంచాలా గుప్పెడా అని కాసేపు తగువు పడ్డారు.

"గుడ్డు," అంది పా హూవా.

గట్టు మీది పింగాణీ కప్పు వైపు చెయ్యి చాపబోయి ఓక్స్ ఆగాడు. చెయ్యి వెనక్కి తీసుకుని, ఫ్రిజ్ తలుపు తీసి, అక్కడి నుంచి ఇంకొకటి తెచ్చాడు. గిన్నెలో కొట్టాడు, పెంకుతో సహా. గుడ్డు చల్లగా ఉంది, పొడి సరిగ్గా అంటలేదు. కాఫీ మడ్డిమడ్డిగా దిగింది. అందరూ ఒకే బల్ల చుట్టూ కూర్చుని, నమిలినట్టుగా తాగారు. బాగుందన్నారు.

గట్టు మీద, పెచ్చూడిన పింగాణీ కప్పులో, నిన్న సాయంత్రం తీసిపెట్టిన గోధుమరంగు గుడ్డు ఈపాటికి చల్లదనం పోయి సిద్ధంగా ఉంది.